తప్పిపోని మనిషి

దక్షిణాఫ్రికా ప్రభుత్వ రేడియో సంస్థ ఎస్ఏబీసీ దాచి ఉంచిన పాత రికార్డుల్లో ఒక ఎల్పీ ఉంది. అందులో ఒక పాట ఉన్నంత మేరా పదునైన దానితో గీకేశారు. ప్లేయర్ ముల్లు ఆ చోటికి రాగానే జారిపోవాలి, పాట బయటికి వినబడకూడదు. నిషేధిస్తున్నామని కాగితం మీద రాస్తే చాలదనుకున్నారు. ఏ ఉద్యోగీ పొరపాటున కూడా వేయకుండా రికార్డుకే గాయం చేశారు. ఆ పాట పేరు ‘షుగర్ మ్యాన్’. మత్తుమందు అమ్మేవాణ్ణి ఉద్దేశించి పాడే పాట. రాసి పాడింది అమెరికాలోని డెట్రాయిట్ నగరవాసి సిక్స్‌టో రోడ్రిగెజ్.

తన పాటను ఒక దేశం నిషేధించిందని ఆయనకు తెలియదు. ఆ దేశంలో వేలాది ఇళ్లలో తన రికార్డు ఉందనీ తెలియదు. ఆ రోజుల్లో ఆయన డెట్రాయిట్‌లో పాడుబడ్డ ఇళ్లు కూలగొట్టే కూలిపనిలో ఉన్నారు.

2012లో వచ్చిన ‘సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్’ అనే డాక్యుమెంటరీ వల్ల ఈ కథ ప్రపంచానికి తెలిసింది. నేనా సినిమా మూడుసార్లు చూశాను. కేప్‌టౌన్ వేదిక మీద ఆయన నిలబడిన దృశ్యం వచ్చినప్పుడల్లా నాకు కళ్లు తడిశాయి. అయితే చూసిన కొద్దీ, ఆ కథను చెప్పుకునేవాళ్లంతా వాడే ఒక మాట నన్ను గుచ్చుతూ వచ్చింది. ‘దొరికాడు’ అంటారు. తప్పిపోయినవాడు కదా దొరికేది! రోడ్రిగెజ్ ఏ రోజూ తప్పిపోలేదు. ఆయన వీధిలో ఎవరిని అడిగినా ఇల్లు చూపించి ఉండేవాళ్లు.

ఆయన 1942 జులై 10న డెట్రాయిట్‌లో పుట్టారు. ఆ ఇంట్లో ఆరో బిడ్డ కాబట్టి సిక్స్‌టో అని పేరు పెట్టారు. తండ్రి మెక్సికో నుంచి, కార్ల ఫ్యాక్టరీల నగరంలో పని వెతుక్కుంటూ వచ్చినవాడు. రోడ్రిగెజ్‌కు మూడేళ్ల వయసులో తల్లి పోయింది. 1967లో మొదటి చిన్న రికార్డు వచ్చినప్పుడు కంపెనీ వాళ్లు ఆయన ఇంటిపేరును రెండు ముక్కలు చేసి ‘రాడ్ రిగెజ్’ అని అచ్చేశారు. మెక్సికో వాసన తగిలితే కొనేవాడు వెనక్కి తగ్గుతాడని కాకపోతే, ఉన్న పేరును అలా విరగ్గొట్టడానికి ఇంకో కారణం నాకు తోచడం లేదు. అదే ఏడాది జులైలో డెట్రాయిట్ తగలబడింది. నల్లజాతివారి పేటలో పోలీసులు చేసిన ఒక దాడితో మొదలైన ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు. రోడ్రిగెజ్ పాటల్లో కనిపించేది ఆ నగరమే. పని దొరకనివాళ్లు, తాగుడుకు బానిసలైనవాళ్లు, మాట తప్పే మేయర్లు, రాత్రి వీధి మూలల్లో నిలబడేవాళ్లు ఆ పాటల నిండా ఉంటారు.

డెట్రాయిట్ నది ఒడ్డున పొగ నిండిన ఒక చిన్న బార్‌లో ఆయన పాడుతుంటే డెన్నిస్ కాఫీ, మైక్ థియొడోర్ అనే ఇద్దరు నిర్మాతలు వినడానికి వెళ్లారు. ఈ కాఫీ సామాన్యుడు కాదు, మోటౌన్ కంపెనీ రికార్డులకు గిటారు వాయించిన చేయి తిరిగినవాడు. తీరా వెళితే పాటగాడు జనానికి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి పాడుతున్నాడు. ముఖం కనిపించకపోయేసరికి వాళ్లు పాట మాత్రమే విన్నారు.

అలా 1970 మార్చిలో ‘కోల్డ్ ఫ్యాక్ట్’ వచ్చింది. పల్లెపాట గిటారు మీద నగరం కోపాన్ని నిలబెట్టిన ఆల్బమ్ అది. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, అరుపు లేదు. పక్కింటి అరుగు మీద కూర్చుని ఊరి సంగతులు చెబుతున్నట్టు ఉంటుంది. ఆ నిదానమైన గొంతు చుట్టూ నిర్మాతలు వయొలిన్లూ ఇత్తడి వాయిద్యాలూ ఆ కాలపు వింత ఎలక్ట్రానిక్ చప్పుళ్లూ అల్లారు. ఒక పాటకైతే, ఇది పాట కాదు, కడుపులోంచి తన్నుకొచ్చిన మాట అని అర్థం వచ్చేలా బారెడు పేరు పెట్టారు. ఎత్తని చెత్త నుంచి పెరిగే నేరాల దాకా ఊరి రోగాలన్నీ అందులో వరసగా వస్తాయి. వింటుంటే పత్రికలో సంపాదకీయం చదివినట్టు ఉంటుంది, కాకపోతే ఇది చదివి మరిచిపోయేది కాదు.

అమెరికాలో ఎవరూ కొనలేదు. ఎందుకన్నదానికి తృప్తికరమైన జవాబు నాకు ఎక్కడా కనిపించలేదు. ఆ రికార్డు వేసిన ససెక్స్ కంపెనీయే మరుసటి ఏడాది బిల్ విదర్స్ అనే ఇంకో కార్మికుణ్ణి పరిచయం చేసింది. విమానాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న విదర్స్ చేతిలో భోజనం డబ్బా పట్టుకుని తన మొదటి ఆల్బమ్ అట్ట మీద నిలబడ్డారు. ఆయన పాట దేశమంతా మోగింది. ఒకే కంపెనీ, ఒకే కాలం, ఇద్దరూ చేతులకు కాయలు కాసినవాళ్లే. రోడ్రిగెజ్ రెండో ఆల్బమ్ ‘కమింగ్ ఫ్రమ్ రియాలిటీ’ 1971లో లండన్‌లో తయారైంది. అదీ అమ్ముడుపోలేదు. అందులో చివరగా రికార్డు చేసిన ‘కాజ్’ అనే పాట క్రిస్మస్ రెండు వారాల్లో ఉందనగా పని పోయినవాడి మాటలతో మొదలవుతుంది. ఆ పాట పాడాక, సరిగ్గా క్రిస్మస్‌కు రెండు వారాల ముందే కంపెనీ ఆయన్ను వదిలించుకుందని నిర్మాత స్టీవ్ రోలాండ్ ఆ డాక్యుమెంటరీలో గొంతు పూడుకుపోతూ చెబుతారు. 1975లో కంపెనీయే మూతపడింది.

ఆ పాటలు దక్షిణాఫ్రికాకు ఎలా చేరాయన్నదానికి కథలు చాలా ఉన్నాయి. చేరాక మాత్రం క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు పాకిపోయాయి. 1976 దాకా టెలివిజన్ కూడా లేని దేశం అది. వర్ణవివక్ష ప్రభుత్వం పుస్తకాన్నీ పాటనూ వార్తనూ వడకట్టేది. బయటి ప్రపంచం ఆ దేశాన్ని వెలివేసింది. తెల్లజాతి కుర్రాళ్లందరూ తప్పనిసరిగా సైన్యంలో చేరాలి. పెద్దవాళ్లను ప్రశ్నించవచ్చని, ప్రభుత్వాన్ని నిలదీయవచ్చని ఆ కుర్రాళ్లకు ఇంట్లో గాని బడిలో గాని ఎవరూ చెప్పలేదు. డెట్రాయిట్ కూలివాడి పాట చెప్పింది. తర్వాత 1989లో ‘ఫూల్‌ఫ్రై’ పేరుతో ఊరూరా తిరిగి, ఆఫ్రికాన్స్ భాషలో తమ ప్రభుత్వాన్ని తిడుతూ పాడిన రాక్ గాయకులు రోడ్రిగెజ్‌ను వింటూ పెరిగినవాళ్లే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. రోడ్రిగెజ్‌ను విన్నవాళ్లలో ఎక్కువమంది మధ్యతరగతి తెల్లవాళ్లు. 1976లో సొవెటోలో నల్లజాతి బడిపిల్లలు తూటాలకు ఎదురెళ్లినప్పుడు వాళ్ల పాటలు వాళ్లకున్నాయి. డాక్యుమెంటరీ ఈ తేడాను సరిగా చూపలేదు. ఆ దేశానికి విముక్తి ఒక అమెరికన్ రికార్డు వల్ల వచ్చిందన్న భ్రమ చూసేవాళ్లకు కలుగుతుంది. పాలించే జాతి పిల్లల్లో కొందరికి తమ తండ్రులు చేస్తున్నది తప్పని అనుమానం పుట్టించడం చిన్న పని కాదు. ఆయన పాట చేసింది ఆ పని. అంతవరకు చెబితే చాలు, అదే చాలా పెద్దది.

పాటగాడి గురించి వివరాలు లేకపోవడంతో పుకార్లు పుట్టాయి. వేదిక మీదే ఒంటికి నిప్పంటించుకున్నాడని కొందరు, తుపాకీతో కాల్చుకున్నాడని కొందరు. 90లలో ఇద్దరు అభిమానులు దీని అంతు తేల్చాలనుకున్నారు. ఒకరు తర్వాత కేప్‌టౌన్‌లో రికార్డుల దుకాణంతో పేరు పడ్డ స్టీఫెన్ సెగర్‌మన్, ఇంకొకరు విలేకరి క్రెయిగ్ బార్తొలొమ్యూ స్ట్రైడమ్. డబ్బు ఎటు పోయిందో పట్టుకుంటే మనిషి దొరుకుతాడని స్ట్రైడమ్ బయల్దేరారు. దారులన్నీ మూసుకుపోయాయి. చివరికి ఒక పాటలో వచ్చిన డియర్‌బార్న్ అన్న ఊరి పేరు దారి చూపింది. అట్లాసు తిరగేస్తే అది డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న ఊరు, ఫోర్డ్ కంపెనీ సొంత ఊరు. అక్కణ్నుంచి మైక్ థియొడోర్ దాకా వెళ్లి, రోడ్రిగెజ్ ఎలా చనిపోయారని అడిగితే, చనిపోవడమేమిటి, బతికే ఉన్నాడన్న జవాబు వచ్చింది. 1998 మార్చిలో దక్షిణాఫ్రికాలో ఆరు కచేరీలు జరిగాయి. వేలమంది ముందు, ప్రతి పాటా జనం కంఠస్థంగా అందుకుంటుంటే, 55 ఏళ్ల రోడ్రిగెజ్ ఎన్నాళ్లుగానో అక్కడ పాడుతున్నవాడిలా ప్రశాంతంగా నిలబడ్డారు. ఈసారి జనం వైపు తిరిగే పాడారు.

ఇక ఆ మధ్య ఏళ్ల సంగతి. సినిమా వాటిని చీకటి అన్నట్టు చూపుతుంది, పత్రికలు ‘కోల్పోయిన పాతికేళ్లు’ అని రాశాయి. నిజానికి ఆయన జీవితంలో నాకు ఎక్కువ ఆసక్తి ఆ ఏళ్ల మీదే. 1950లో 18 లక్షలకు పైగా జనం ఉన్న డెట్రాయిట్‌లో ఫ్యాక్టరీలు పోయి, జనం పోయి, వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. ఇళ్లు పాడుబడ్డాయి. అప్పుడా ఊళ్లో దొరికే పని, కూలగొట్టడమో బాగుచేయడమో. ఏ నగరం శిథిలమవుతోందని పాడారో ఆ నగరాన్నే ఒక్కో గోడా తన చేతులతో దించారు. పాత మంచాలు, అల్మరాలు వీపు మీద మోసి మెట్లు దిగారు. దుమ్ము కొట్టుకుపోయే ఆ పనికి ఒక్కోరోజు సూటు వేసుకుని వచ్చేవారని తోటి కూలీ ఒకరు సినిమాలో చెబుతారు. ఆ దృశ్యం నా మనసులోంచి పోదు. పని ఏదైనా పండగలా ఒంటిని అలంకరించుకుని వెళ్లిన మనిషి ఆయన.

చదువుకున్నారు కూడా. 1981లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మాంటీత్ కాలేజీ నుంచి తత్వశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నారు. నగర కౌన్సిల్‌కు, ఇంకా ఇతర పదవులకు పలుసార్లు పోటీ చేసి ఓడిపోయారు. పేదల తరఫున మాట్లాడాలంటే పాట ఒక్కటే మార్గం కాదనుకున్నారు. కూతుళ్లను మ్యూజియాలకూ గ్రంథాలయాలకూ తిప్పారు, చేతిలో డబ్బు లేకపోయినా ఏ పెద్ద భవనంలోకైనా తలెత్తుకుని వెళ్లవచ్చని వాళ్లకు నేర్పారు. 1976లో ప్రభుత్వ వేలంలో 50 డాలర్లకు కొన్న పాడు ఇంటిని బాగుచేసుకున్నారు. పేరొచ్చాక కూడా ఇల్లు మార్చలేదు. ఇవాళ డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో వేలాది తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. కార్ల కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు వారాంతంలో గంటలోపు కారు ప్రయాణంలో చేరుకోగలిగిన పేటలోనే ఆయన దశాబ్దాలపాటు నడిచి తిరిగారు.

ఆస్ట్రేలియా సంగతి కూడా ఉంది. అక్కడ 70లలోనే ఆయన రికార్డులకు మంచి గిరాకీ. 1979లోనూ 1981లోనూ వెళ్లి కచేరీలు చేసి వచ్చారు. సినిమా ఈ సంగతి దాటేసింది, కథ బిగువు కోసమే కావచ్చు. నాకది లోపంగానే తోస్తుంది. పెద్ద వేదికలు ఎక్కి దిగి, తిరిగొచ్చి మళ్లీ సుత్తి పట్టుకున్న మనిషి, ఏమీ ఎరగని మనిషికన్నా గొప్పగా కనిపిస్తాడు నాకు.

ఆయన శాంతం గురించి ఇంత చెప్పాక, డబ్బు మాట ఎత్తకుండా ఉండలేను. మన దగ్గరా ఉన్న అలవాటే ఇది: నిరాడంబరంగా బతికిన కళాకారుణ్ణి చూసి చేతులు జోడిస్తాం, ఆయనకు డబ్బు మీద ఆశ లేదని మురిసిపోతాం, ఆయనకు రావలసింది ఎవరు తిన్నారో అడగడం మరిచిపోతాం. దక్షిణాఫ్రికాలో రికార్డులు అమ్మిన కంపెనీల వాళ్లు రాయల్టీ అమెరికాకు పంపామన్నారు. ససెక్స్ యజమాని క్లారెన్స్ అవంట్‌ను సినిమా దర్శకుడు ఆ లెక్క అడిగితే ఆయన చిరాకుపడ్డారు. అవంట్ నల్లజాతి సంగీతకారులకు ఎంతో మేలు చేసిన వ్యక్తి, విదర్స్ వంటివారిని నిలబెట్టినవారు. ఆ మేలు నిజమే. ఈ ప్రశ్నకు జవాబు రాకపోవడమూ నిజమే. ‘కోల్డ్ ఫ్యాక్ట్’ అట్ట మీద పాటలు రాసినవారి పేర్లు ‘జీసస్ రోడ్రిగెజ్’ అనీ ‘సిక్స్‌త్ ప్రిన్స్’ అనీ ఉన్నాయి. రచయిత ఎవరో తెలియకుండా దాచడానికే అలా వేశారన్న ఆరోపణతో, రోడ్రిగెజ్‌తో అంతకుముందే ఒప్పందం ఉన్న ఇంకో కంపెనీ 2014లో అవంట్ మీద కోర్టుకెక్కింది. 1967లో ఇంటిపేరు విరిగింది, 1970లో పేరే మారింది. ఆయన పాటకు ఆయన పేరు తగలడానికి ఇన్ని అడ్డంకులు.

2013 ఫిబ్రవరిలో సినిమాకు ఆస్కార్ వచ్చింది. రోడ్రిగెజ్ ఆ వేడుకకు వెళ్లలేదు, ఆ గౌరవం సినిమా తీసినవాళ్లకే దక్కాలన్నారు. ప్రకటన వచ్చే వేళకు ఇంట్లో నిద్రపోతున్నారు, కూతురు ఫోన్ చేసి చెప్పింది. డబ్బు చాలక కొన్ని దృశ్యాలను ఫోన్ కెమెరాతో తీసి ఆ సినిమా పూర్తి చేసిన స్వీడన్ దర్శకుడు మాలిక్ బెంజెలూల్ ఆ మరుసటి ఏడాది 36 ఏళ్లకే తన ప్రాణం తానే తీసుకున్నారు. అదే 2013 జులైలో డెట్రాయిట్ నగరం కోర్టుకు వెళ్లి దివాలా తీశానని చెప్పుకుంది. అప్పటికి రోడ్రిగెజ్ గ్లాకోమాతో చూపు చాలా కోల్పోయారు. చేయి పట్టుకుని వేదిక మీదికి తీసుకెళ్లేవారు. ఒకసారి గిటారు చేతికందాక ఆసరా అక్కర్లేదు.

2023 ఆగస్టు 8న, 81 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. అయిదు రోజుల తర్వాత, ఆగస్టు 13న, క్లారెన్స్ అవంట్ కూడా పోయారు.