లోపల నున్నవా రెవరు?

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఊరిలో జరిగిన సంగతి ఇది. ఒక బాలిక సేవాకేంద్రములోని కంప్యూటరుపై విద్యార్థివేతనమునకు దరఖాస్తు నింపి, లాగౌటు చేయకయే లేచిపోయెను. ఆమె తరువాత కూర్చున్న బాలుడు తెరపై నున్న దరఖాస్తు తనదే యనుకొని అందు తన బ్యాంకు ఖాతా సంఖ్య వ్రాసెను. అతనికి దురుద్దేశ మేమియు లేదు. నెలలు గడచినను వేతనము రాకపోగా బాలిక తండ్రి పోయి విచారించెను. “మీ అమ్మాయియే మార్చినది. కంప్యూటరులో ఆమె పేరే యున్నది” అని వారు చెప్పిరి. పొలము పని మానుకొని నాలుగు మారులు తిరిగిన ఆ తండ్రి తుదకు కూతురినే కోపించెను.

యంత్రము అబద్ధమాడలేదు. ఎవరి పేరున తలుపు తెరచియున్నదో ఆ పేరే వ్రాసికొన్నది. లోపము మన అలవాటులో నున్నది.

పేరును పాస్‌వర్డును చెప్పి కంప్యూటరులో ప్రవేశించినది మొదలు లాగౌటు చేసి వెలుపలికి వచ్చువరకు గల కాలమును సెషన్ అందురు. తెర ఆర్పినంత మాత్రమున సెషన్ ముగియదు. పలువురు వాడు యంత్రములు దీనికొక లెక్క ఉంచును. యూనిక్స్ అను వ్యవస్థలో 1971 నాటికే ‘హూ’ అను ఆజ్ఞ కలదు. ‘ఎవరు?’ అని దాని అర్థము. ఆ మాట టైపు చేసినచో అప్పుడు లోపల నున్నవారి పేర్లు, వారు వచ్చిన వేళలు తెరపై కనబడును. ‘లాస్ట్’ అను మరియొక ఆజ్ఞ వెనుకటి రాకపోకలను చూపును. విండోస్ యంత్రములలోను ఇట్టి ఉపాయములు కలవు.

ఈ ప్రశ్నను మనిషియే మాటిమాటికి అడుగ నక్కరలేదు. చిన్న ప్రోగ్రాము నొకటి వ్రాసి పెట్టినచో అదియే అయిదు నిమిషముల కొకసారి ఆ జాబితాను చదువును. బడి విడిచిన తరువాత ఎవరి సెషన్ అయినను తెరచియున్నదా, ఒకే పేరు రెండు యంత్రములపై నున్నదా, అరగంటనుండి మీట తాకనివారు కలరా అని చూచి చెప్పును. పై తరగతుల విద్యార్థులకు ఇది అసాధ్యమైన పని గాదు. లెక్క ఉండియు చదువువారు లేనిచో, దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లే యగును.

అయితే ఆ లెక్క పేరును చూపునే గాని మనిషిని చూపదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1961లో కార్బటో మొదలగువారు పలువురు ఒకేసారి వాడుకొనదగిన కంప్యూటరు వ్యవస్థను ప్రదర్శించిరి. మరుసటి సంవత్సరమే ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన గంటలు చాలక, అందరి పాస్‌వర్డులను అచ్చు వేయించుకొని ఇతరుల పేర్లతో పని జరుపుకొనెను. చాల కాలము తరువాత ఈ సంగతి అతడే చెప్పుకొనెను.

ఈ విషయమున మన కర్ణాటకమునందే ఒక మంచి ఉదాహరణము కలదు. వెనుక భూముల లెక్కలు సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతులలో నుండెను. పహాణిలో ఏ అంకె ఎవరు దిద్దిరో తేల్చుట రైతునకు సాధ్యమయ్యెడిది గాదు. ‘భూమి’ పథకము క్రింద సుమారు 67 లక్షల భూయజమానులకు చెందిన 2 కోట్ల పత్రములను కంప్యూటరుల కెక్కించి, 2002 నాటికి తాలూకా కేంద్రములనుండి ఇయ్యసాగిరి. అందు పనిచేయు ఉద్యోగి వ్రేలిముద్ర వేసి లోనికి పోవలెను. ఆ సెషన్‌లో అతడు చేసిన పనులన్నియు నమోదగును. పాస్‌వర్డును అప్పు ఈయవచ్చును గాని వ్రేలిని అప్పు ఈయలేరు గదా! “నేను చేయలేదు” అని తప్పుకొనుటకును, చేయనివానిపై నింద మోపుటకును అందు చోటు తగ్గినది.

మన పిల్లలకు మరియొక చిక్కు కలదు. తెరపై మాటలు కన్నడమునను ఆంగ్లమునను ఉండును. తెలుగున చదువుకొన్న బాలుడు జంకి, “మీరే చేయండి, అన్నా” అని పాస్‌వర్డును పరుల కప్పగించును. కావున ఈ పాఠమును మన భాషలోనే చెప్పవలెను. తెరపై ‘నిర్గమిసి’ అని యున్నను, ‘లాగౌటు’ అని యున్నను, వెలుపలికి పొమ్మనుటయే యని ప్రతి బాలునికి తెలియవలెను.

“పిల్లలపై ఇంత నిఘా యెందుకు?” అని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. హాజరుపట్టీ వేయుట అవమానము గాదు, సంచులు వెదకుట అవమానము. ఎవరు వచ్చిరి, ఎప్పుడు వచ్చిరి, ఎప్పుడు పోయిరి అను మూడు మాటలే మన లెక్కలో నుండవలెను. లోపల ఏమి చదివిరో వ్రాయరాదు. తన పేరిట నున్న లెక్కను చూచు హక్కు ప్రతి విద్యార్థికిని ఉండవలెను.

కావున నా సూచన ఇది. బడి కంప్యూటరులలో తరగతి కంతటికి ఒకే పేరు అను పద్ధతి మాని, ఎవరి పేరు వారికి ఈయవలెను. సెషన్‌ల జాబితాను వారమున కొకమారు అందరి యెదుట చదువవలెను. ఇంటి వద్ద తల్లిదండ్రులును పిల్లలును కలిసి కూర్చుండి, ఫోనులో వాట్సాపునకు జోడించిన పరికరముల జాబితాను, గూగుల్ ఖాతాలోని పరికరముల జాబితాను చూడవలెను. ఎరుగని యంత్రము కనబడినచో వెంటనే లాగౌటు చేసి, గూగుల్ ఖాతా అయినచో పాస్‌వర్డు మార్చవలెను.

విద్యార్థులారా! లేచి పోవునపుడు ఒక్కసారి తెర వంక చూడుడు. అచ్చట మీ పేరు మిగిలియున్నచో మీరింకను లోపలనే యున్నారు. ఆపై ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నను, వారు చేయు పనికి జవాబు చెప్పవలసినవారు మీరే.