గోడకు అనుమతి, గోతికి లెక్క లేదు

ఏ మున్సిపాలిటీకైనా పోయి ఇల్లు కట్టుకుంటానని ప్లాను ఇచ్చి చూడండి. రోడ్డు వెడల్పెంత? ముందు ఎన్ని అడుగులు వదిలావు? పక్కకెంత? కారు ఎక్కడ పెడతావు? ఎన్ని అంతస్తులు లేపుతావు? అంగుళం తేడా వచ్చినా ఫైలు కదలదు, కదలాలంటే చేయి తడపాలి. ఇన్ని అడిగే కాగితం ఒక్క ముక్క మాత్రం గట్టిగా అడగదు. ఈ ఇంట్లో మనుషుల మలం ఎటు పోతుంది? ప్లాను మూలన అగ్గిపెట్టెంత డబ్బా గీసి 'ఎస్.టి.' అని రెండక్షరాలు రాస్తే చాలు. సెప్టిక్ ట్యాంకు ఉన్నట్టే! దాని అడుగు మూసిందా, తెరిచిందా, అందులోంచి పారే నీళ్లు ఏ కాల్వలో కలుస్తాయి అన్నది అడిగే నాథుడుండడు.

రాయలసీమ గుట్టల మీదనో, పాలమూరు ఎర్రనేలల్లోనో ఇది ఒక తప్పు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో మాత్రం ఇది నేరమే. ఎందుకంటే అక్కడి నేల వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఆ డెల్టా కాల్వ నీళ్ల మీద బతుకుతున్నది. నల్ల బంకమట్టి నీటిని పట్టి ఉంచుతుందే తప్ప గబుక్కున పీల్చుకోదు. వానకాలంలో బారెడు తవ్వకముందే ఊట. అటువంటి చోట గొయ్యి తీసి, సిమెంటు ఒరలు దించి, అడుగు తెరిచి వదిలితే దాన్ని మరుగుదొడ్డి అంటారా? అది బోరింగు నీళ్లలో మలం కలిపే యంత్రం.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదా? తెలుసు. భారత ప్రమాణాల సంస్థ 1985లోనే సెప్టిక్ ట్యాంకుల కోడ్‌లో రాసి పెట్టింది. భూమిలో నీటిమట్టం 180 సెంటీమీటర్ల లోపే ఉంటే ఇంకుడు గొయ్యి పనికిరాదు. ట్యాంకు నీళ్లను వదిలే ఏర్పాటు నేలకు పైన, మట్టి దిబ్బ పోసి కట్టాలి. బంకనేల అయితే వడపోత గది కట్టాలి. ఇంకే చోటు మంచినీటి బావికి 18 మీటర్ల లోపు ఉండరాదు. మనిషి ఉండే ఇంటికి 6 మీటర్ల లోపు ఉండరాదు. డిప్లొమా చదివిన ప్రతి ఇంజినీరూ పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. ఉద్యోగంలో చేరగానే మరిచిపోవడం ఎట్లా సాధ్యమైందో మరి!

ఇప్పుడు ఆ 6 మీటర్ల లెక్కను పేదల ఇంటి స్థలంలోకి తీసుకుపోదాం. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల పట్టాలిచ్చారు. పట్టణంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల పైచిలుకు. ఒకవైపు 6 మీటర్లు కొలిస్తే రెండోవైపు ఏడు మీటర్లు కూడా మిగలదు. అందులోనే గది, అందులోనే వంట, అందులోనే మరుగుదొడ్డి. ఇంటికి 6 మీటర్ల దూరంలో ఇంకుడు గొయ్యి తవ్వాలంటే అది పక్కింటివాళ్ల పొయ్యి కిందికి పోతుంది. పక్కింటి గొయ్యి మన మంచం కిందికి వస్తుంది. లోతట్టు చేలు కొని, నాలుగు లారీల మట్టి తోలి, గీతలు గీసి పంచిన లేఅవుట్లలో ఇదీ వరస. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు, పల్లెలో మూడు సెంట్లు ఇస్తామంది. సెంట్లు పెరిగితే మంచిదే, ఎవరు వద్దంటారు? కానీ మురుగు పైపు లేకుండా ఇచ్చే స్థలం రెండు సెంట్లయినా పది సెంట్లయినా ఆ నేలలో నీటిమట్టం కిందికి దిగదు గదా. ముందు లేఅవుట్‌కు మురుగు దారి వేసి, చివరన శుద్ధి చేసే చోటు చూపించి, ఆ తర్వాత పట్టా చేతికివ్వాలి. మనవాళ్లు ముందు ఫొటో దిగుతారు.

స్వచ్ఛ భారత్ కథ కూడా ఇంతే. 2014 అక్టోబర్ 2న మొదలైంది. గ్రామంలో మరుగుదొడ్డికి 12 వేల రూపాయలు ప్రోత్సాహకం. బయటికి పోయే బాధ తప్పినందుకు ఆడవాళ్లు సంతోషించారు, అది కాదనలేం. కానీ ఢిల్లీలో గీసిన బొమ్మ ఒక్కటి. ఎండిన నేలకూ అదే, కొల్లేటి లంకకూ అదే. నీటిమట్టం పైనున్న చోట గొయ్యి అడుగు మూసి, చుట్టూ అర మీటరు ఇసుక పోయాలని కేంద్ర ప్రభుత్వ పుస్తకాల్లోనే ఉంది. ఆ ఇసుక ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? బిల్లుకు కావలసింది తలుపు దగ్గర నిలబడ్డ ఫొటో, అంతే.

గొయ్యి నిండాక సంగతి చూడండి. నేల పీల్చదు కాబట్టి నెలల్లోనే నిండుతుంది. అప్పుడు ఇంటాయన ఒక పైపు పెట్టి వీధి కాల్వలోకి వదులుతాడు. అపార్టుమెంటు కట్టేవాడైతే ఆ పైపు మొదటి రోజే పెడతాడు. లేదంటే ట్యాంకరును పిలుస్తారు. ట్యాంకరు చీకటిపడ్డాక ఏదో డ్రెయిన్ గట్టున ఖాళీ అవుతుంది. అదీ లేకపోతే మనిషిని దింపుతారు. 2013 చట్టం మనిషిని అట్లా దింపడాన్ని నిషేధించింది. మురుగులో చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. దిగేవాడి కులం ఏమిటో మనం అడగనక్కరలేదు, అందరికీ తెలిసిందే. రెండు మూడేండ్లకొకసారి యంత్రంతో తీయగలిగేట్టు, రోడ్డు వైపు మూత ఉండేట్టు ట్యాంకు కట్టడం డిజైనులో ఒక గీత పని. ఆ గీత గీయనందుకు ఒక ప్రాణం పోతుంది.

వీధి కాల్వ ఊరు దాటి ఎక్కడికి పోతుంది? ఏలూరు మధ్య నుంచే ఖమ్మం జిల్లా దిక్కు నుంచి వచ్చే తమ్మిలేరు పారుతుంది. దాని చివర కొల్లేరు. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాల్వ నందమూరు ఆక్విడక్టు దాటి యనమదుర్రు డ్రెయిన్‌లో పడుతుంది. దారిలో పంట కాల్వలున్నాయి. ఆ కాల్వల నీళ్లతోనే ఊరి మంచినీటి చెరువులు నింపుతారు, వేసవిలో కాల్వలు కట్టేశాక ఊళ్లకు ఊళ్లు ఆ చెరువుల మీదే గడుపుతాయి. అంటే పై ఊరి దొడ్డి నీళ్లు కింది ఊరి బిందెలోకి! ఇది తిట్టు కాదు, పల్లానికి పారే నీటి నడక.

కొల్లేరును చంపింది చేపల చెరువులని 2006లో బాంబులు పెట్టి గట్లు పేల్చారు. పేల్చాల్సిందే. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యమని జీవో ఇచ్చారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, ఆ మధ్యలో గట్లు పోస్తున్న పెద్దలను ఎవరూ ఆపలేదు. తీరా గట్లు తెగాక పెద్దలు మళ్లీ పోసుకున్నారు, లంకల్లో వలేసుకు బతికే వడ్డి కులస్థులూ దళితులూ కూలికి పోయారు. ఒప్పుకుందాం, చెరువులది పెద్ద పాపం. మరి చుట్టూ ఉన్న పట్టణాల మురుగు? రెండు లక్షలకు పైగా జనమున్న ఏలూరు, 2005లో కార్పొరేషన్ హోదా కట్టబెట్టిన ఏలూరు, తన మురుగును కొల్లేటి నెత్తిన పోయడం ఏ కాంటూరు కిందికి వస్తుంది? దానికి ఏ బాంబు పెడతారు?

2020 డిసెంబర్ 5న అదే ఏలూరులో మనుషులు ఉన్నపళంగా మూర్ఛపోయి పడిపోయారు. దక్షిణపు వీధి, పడమర వీధి, కొత్తపేట, అరుంధతిపేట. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఆరువందల మందికి పైగా. ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలన్నది. సీసీఎంబీ, నీరి, ఐఐసీటీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం అందరూ వచ్చారు. చివరికి పురుగుమందే ప్రధాన కారణం కావచ్చని తేల్చారు. అది ఒంట్లోకి ఏ దారిన వచ్చిందో తేల్చడానికి ఇంకా అధ్యయనం కావాలన్నారు. మరుగుదొడ్డి వల్లే అది జరిగిందని నేను అనడం లేదు, అనను కూడా. నా ప్రశ్న వేరు. మురుగు కాల్వ, మంచినీటి పైపు, పంట కాల్వ, చేపల చెరువు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే ఊళ్లో నీళ్ల మీద అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది? ఈ రోగానికి అంతుపట్టలేదు సరే. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మంచినీటిలో మురుగు కలిసి మనుషులు చనిపోయినప్పుడు అంతుపట్టింది గదా! అప్పుడేమి నేర్చుకున్నారు?

దోమల సంగతి వేరే చెప్పాలా? గోదావరి జిల్లాలకు బోదకాలు పాత చుట్టం. ఆ దోమ మంచినీటిలో కాదు, మురుగులో, మూత పగిలిన సెప్టిక్ ట్యాంకులో పుడుతుంది. గాలి గొట్టం నోటికి పది రూపాయల జాలీ కట్టమని ఏ బిల్డరుకైనా నోటీసు పోయిందా? ఏటేటా మాత్రలు పంచుతారు, గొట్టాలు మాత్రం తెరిచే ఉంటాయి.

'ఖర్చండీ' అంటారు. అడుగు మూసిన రెండు గదుల ట్యాంకు, దానికో వడపోత గది, పునాది రోడ్డు కంటే ఎత్తు. ఇవన్నీ కలిపినా హాలులో వేసే గ్రానైటుకు అయ్యేంత కాదని ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. స్థలం లేని చోట నాలుగిళ్లకు కలిపి ఒక ట్యాంకు, సన్న పైపులతో వీధికొక శుద్ధి తొట్టి కట్టవచ్చు. పేదవాడి వాటా ప్రభుత్వం భరించాలి, ఎందుకంటే ఆ లోతట్టు చోటు ఎంచింది పేదవాడు కాదు. ముందుగా సర్కారు తన బడి, తన హాస్టలు, తన అంగన్‌వాడీ, తన ఆసుపత్రి గోతులు తవ్వి చూపించాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు మునిగినప్పుడు సెప్టిక్ ట్యాంకులూ వరదా ఒక్కటయ్యాయి. ఆ నీరంతా చేరింది కొల్లేటికే.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శి ఉన్నాడు, శానిటేషన్ కార్యదర్శి ఉన్నాడు. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. స్లాబు పడకముందు ఇద్దరూ కలిసి పోయి, గొయ్యి అడుగు చూసి సంతకం పెడితే ఏ మంత్రి జీవో కోసమూ ఆగనక్కరలేదు. బదిలీ బెదిరింపు వస్తే సంఘాలున్నవి దేనికి?

విద్యార్థులకు ఇంకో పని ఉంది. 2015లో తాడేపల్లిగూడేనికి నిట్ వచ్చింది. ఏలూరులో, గూడెంలో ఇంజినీరింగ్ కాలేజీలకూ పాలిటెక్నిక్‌లకూ కొదవ లేదు. ఎండాకాలం కాల్వలు కట్టేసినప్పుడు నీటి కింద దాగిన పైపులన్నీ గట్ల మీద నోళ్లు తెరుచుకుని బయటపడతాయి. ఒక నోటుబుక్కు పట్టుకుని గట్టు వెంట నడవండి. ఏ పైపు ఏ భవనానిదో, దానికి ప్లాను ఏ ఏడాది ఇచ్చారో రాయండి. సమాచార హక్కు కింద ఆ ప్లాను నకలు అడగండి. మూలన గీసిన ఆ అగ్గిపెట్టె ఎక్కడుందో కమిషనరు చేతే చూపించమనండి.