ఎండిన నదికి పిట్టలు వచ్చినవి

అమెరికాలో ఆరిజోనా అనే ఎడారి రాష్ట్రం ఉన్నది. అక్కడి పెద్ద నగరం ఫీనిక్స్. ఈ నగరం గుండా పూర్వం సాల్ట్ అనే నది పారేది. దాని ఒడ్డున చెట్లూ, చెట్ల నిండా పిట్టలూ ఉండేవి.

పొలాలకు నీరు కావలసివచ్చింది. ఎగువన 1911లో రూజ్వెల్ట్ ఆనకట్ట పూర్తి అయింది. తరవాత ఇంకా కొన్ని కట్టారు. నీరంతా కాలవలకు మళ్ళింది. పైర్లు పండినవి, నగరం పెరిగింది. నది మాత్రం ఎండిపోయింది. జనం అందులో కంకర తవ్వుకుని, చెత్తా పాత టైర్లూ పారవేశారు. నీరూ నీడా లేనిచోట పిట్టలకేం పని?

చివరకు నగరపాలకులూ, సైన్యపు ఇంజనీర్లూ కలిసి అయిదు మైళ్ళ పొడవున చెత్త తీయించారు. కాటన్‌వుడ్, విల్లో చెట్లూ, మన జమ్మికి చుట్టమైన మెస్కీట్ చెట్లూ నాటించారు. 2005లో ఆ చోటును ప్రజలకు తెరిచారు.

పిట్టలకు ఎవరూ కబురు పెట్టలేదు. అయినా 200కు పైగా జాతులు అక్కడ కనిపించినవి! నీలికొంగ మడుగులో కదలక నిలబడి చేపకోసం కాచుకుంటుంది. గిలా వడ్రంగిపిట్ట మోడును తొలుస్తుంది. మన తేనెపిట్ట సాధారణంగా కొమ్మమీద వాలి తేనె తాగుతుంది గదా? అక్కడి హమ్మింగ్ పిట్ట గాలిలోనే నిలిచి తాగుతుంది.

ఒక్క గుడ్లగూబకు మాత్రం మనుషులు సాయం చేశారు. ఇది నేలబొరియలో కాపురం ఉండే చిన్న జాతి. ఇళ్ళు కట్టేచోట బొరియలు పోగొట్టుకున్న వాటిని తెచ్చి, భూమిలో గొట్టాలు పాతి కొత్త బొరియలు ఏర్పాటు చేశారు. అవి పట్టపగలే గుమ్మం ముందు నిలబడి, వచ్చేపోయేవారిని చూస్తుంటవి!

అయితే ఒక సంగతి మరవరాదు. ఆనకట్ట తలుపులు ఎత్తినప్పుడు తప్ప ఆ నదికి పైనుంచి నీరు రాదు. బావులనుంచి మరలతో తోడి చెట్లకూ మడుగులకూ పెడుతున్నారు. మరలు ఆగితే చెట్లు ఎండుతవి. చెట్లు ఎండితే పిట్టలు పోతవి. నదిని పోగొట్టుకోవటం తేలిక. తిరిగి తెచ్చుకున్నాక దాన్ని రోజూ కాపాడుకోవాలి.

పిల్లలూ! మీ ఊరి చెరువుగట్టుకు తెల్లవారగానే పెద్దవాళ్ళతో వెళ్ళండి. చప్పుడు చేయక ఒకచోట కూర్చోండి. ఏ పిట్ట వచ్చిందో, ఏం తిన్నదో తేదీ వేసి రాసుకోండి. నిరుడు వచ్చిన పిట్ట ఈ ఏడు రాకపోతే, చెరువుకేమయిందో చూడండి. ఆ సంగతి మనుషులకన్న ముందు పిట్టలకే తెలుస్తుంది.