బాత్‌రూంలో గ్యాస్ గీజర్ వద్దు

హబ్సిగూడ, తార్నాక వీధుల్లో ఉస్మానియా విద్యార్థులకు, చిరుద్యోగులకు అద్దెకిచ్చే చాలా పోర్షన్లలో బాత్‌రూం అంటే ఒక మనిషి నిలబడేంత జాగా, పైన చిన్న వెంటిలేటరు. చలికాలంలో దానికీ అట్టముక్క అడ్డం పెడతారు. అలాంటి గదిలో గ్యాస్ గీజర్ బిగించడాన్ని నిషేధించాలి. జాగ్రత్తలు చెప్పి సరిపెట్టుకునే దశ దాటిపోయింది.

వంటగ్యాస్ లీకైతే ముక్కు పట్టేస్తుంది. అందులో ఘాటైన వాసన కావాలనే కలుపుతారు. అందుకే వాసన లేకపోతే ప్రమాదం లేదన్న ధీమా మనకు అలవాటైంది. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గి మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో గ్యాస్ హీటరు పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్న కేరళ పర్యాటకులు ఎనిమిది మంది చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం. జ్వరం లేకుండా ఇవి ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే, బయటికెళ్లగానే తగ్గుతుంటే, పైత్యమని నిమ్మరసం తాగి పడుకోవద్దు. తలుపులన్నీ బార్లా తెరిచి అందరూ బయటపడాలి, 108కి ఫోన్ చేయాలి. స్నానానికి వెళ్లినవారు పిలిస్తే పలకకపోతే మొహమాటపడకుండా తలుపు పగలగొట్టి ఆరుబయటికి లాక్కురావాలి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరును మాత్రం నమ్మవద్దు. రక్తంలో విషం ఉన్నా అది 98 చూపించగలదు. ఆస్పత్రిలో గ్యాస్ గీజర్ సంగతి ముందే చెబితేనే డాక్టరు సరైన రక్తపరీక్ష రాస్తారు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చినప్పుడు గంట, గంటన్నర చాలు.

ఇంగ్లాండులో 2022 అక్టోబరు నుంచి, వంట స్టవ్ మినహా గ్యాస్ మండే పరికరం బిగించి ఉన్న ప్రతి అద్దె గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం యజమాని బాధ్యత. ఇక్కడ ఏ గీజరు పెట్టాలో నిర్ణయించేది ఇంటి ఓనరు, దాని కింద స్నానం చేసేది ఊరు కాని ఊరు వచ్చిన పిల్లలు. గ్యాస్ గీజరే కావాలనుకుంటే దాన్ని గాలి ఆడే బాల్కనీలో పెట్టి నీటి గొట్టం ఒక్కటే లోపలికి తేవాలి. లేదంటే కరెంటు గీజర్ పెట్టాలి. ఆ ఖర్చు ఓనరుదే. హాస్టళ్లకు లైసెన్సు ఇచ్చేటప్పుడూ, రెన్యువల్ చేసేటప్పుడూ నగరపాలక సంస్థ అధికారులు ప్రతి బాత్‌రూం తలుపూ తీసి చూడాలి. లోపల గ్యాస్ గీజర్ కనిపిస్తే లైసెన్సు ఆపాలి.