కాలేజీ మారడమా, మళ్ళీ మొదటి యేడా?

ఇంజనీరింగు మొదటి యేడు చదివే పిల్లల యిళ్ళనుంచి యీ వారం నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఓ అమ్మాయిది. హాస్టలు పడటం లేదు, యింటికి దగ్గరగా వున్న కాలేజీకి మారతానంటుంది. రెండోది ఓ తల్లిది. కొడుక్కి సివిలు బ్రాంచి యిష్టం లేదట, కంప్యూటర్సు కావాలట. తండ్రి అప్పుచేసి ఫీజు కట్టారట. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేను.

అమ్మాయీ, నీకు చదువు నచ్చింది, వూరే నచ్చలేదు. దానికోసం యేడాది పోగొట్టుకోనక్కర్లేదు. బదిలీకి ప్రయత్నించు. చేరబోయే కాలేజీలో అదే బ్రాంచిలో ఖాళీ వుండాలి. రెండు కాలేజీలవారూ అభ్యంతరం లేదని కాగితం యివ్వాలి. పైవారి అనుమతి కావాలి. రెండూ ఒకే విశ్వవిద్యాలయం క్రిందవైతే పాఠాలు కలుస్తాయి. లేకపోతే కొన్ని పేపర్లు అదనంగా వ్రాయవలసి రావచ్చు. 2021లో యు.జి.సి. ఏర్పరచిన క్రెడిట్ల బ్యాంకులో క్రెడిట్లు ఏడేళ్ళదాకా నిలవ వుంటాయి గాని, వాటిని కొత్త కాలేజీ ఒప్పుకోవాలి కదా! ఫీజు రీయింబర్సుమెంటు వస్తూంటే, మారాక కూడా వస్తుందో లేదో ముందే కనుక్కో. ఇవన్నీ కాగితంమీద తేలేదాకా వున్న సీటు వదులుకోకు.

సోదరీ, మీ అబ్బాయి సంగతి వేరు. కాలేజీ మారినంత మాత్రాన బ్రాంచి మారదు. కంప్యూటర్సే కావాలంటే మళ్ళీ ఎంట్రన్సు వ్రాయవలసిందే. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40. అన్నీ యింటరు పుస్తకాల్లోవే. ఆ పుస్తకాలు కట్టిపెట్టి యెన్నాళ్ళయిందో అబ్బాయినే అడగండి.

ఇక డబ్బు లెక్క. చేరికల గడువు దాటి నెల రోజులైతే కట్టిన ఫీజు తిరిగి రాదని 2018లో యు.జి.సి. చెప్పింది. అసలు సర్టిఫికెట్లను కాలేజీ అట్టేపెట్టుకోరాదనీ అప్పుడే చెప్పింది. సర్టిఫికెట్లు చేతికొస్తాయి గాని డబ్బు రాదు. కొత్త సీటులో మళ్ళీ నాలుగేళ్ళు. అంటే మీవారి అప్పు ఐదేళ్ళ చదువుకన్నమాట.

మధ్యే మార్గం ఒకటుంది. సివిలులోనే వుండి, 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చదివితే వేరే విషయంలో మైనర్ డిగ్రీ వచ్చే ఏర్పాటు చాలా కాలేజీల్లో వుంది. వారి కాలేజీలో వుందేమో కనుక్కోమనండి.

అన్ని చదువులకూ యీ రెండు దారులూ లేవు. వైద్యం చదివేవారు ఒక కాలేజీనుంచి మరొకదానికి మారడాన్ని 2023 నియమాలు నిషేధించాయి. ఐ.ఐ.టి.లో చేరినవారు జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ మళ్ళీ వ్రాయడానికి లేదు. సీటు తీసుకునే ముందే యివి తెలుసుకోవాలి.

ఈ ఐదేళ్ళ ఖర్చూ అబ్బాయి ముందు కూర్చుని కాగితంమీద వెయ్యండి. కంప్యూటర్సు తనకే కావాలో, స్నేహితులు చదువుతున్నారనో నెమ్మదిగా అడగండి. అంతా విని కూడా వ్రాస్తానంటే అడ్డుపడకండి. తోటివాళ్ళకన్న ఒక యేడు వెనకబడటం తలవంపు కాదు. ఇష్టంలేని చదువుకు నాలుగేళ్ళూ అప్పు తీర్చడమే కష్టం.