శివారు ఇంటిదాకా

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తిచేయించిన ఆనకట్టను దాని ఎత్తు చూచి ఎవరూ మెచ్చుకోలేదు. కాలువ చిట్టచివరనున్న శివారు చేనికి నీరందిన తరువాతనే గోదావరి రైతు దానికి చేతులెత్తి నమస్కరించాడు. ఆకాశాన్నంటే టెలివిజన్ ప్రసార స్తంభాన్ని కూడ ఈ కొలతతోనే కొలవాలని నా అభిప్రాయం.

టెలివిజన్ తరంగాలు దాదాపు తిన్నగా పయనిస్తాయి. భూమి గుండ్రనిది కనుక కొంత దూరం పోయిన తరువాత అవి నేలను విడిచి పైకి సాగిపోతాయి. 100 మీటర్ల స్తంభం కొననుండి చూస్తే దిగంతం సుమారు 36 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దూరాన్ని రెట్టింపు చేయాలంటే ఎత్తును నాలుగింతలు చేయాలి. అందుచేతనే రామేశ్వరంలో 323 మీటర్ల టెలివిజన్ గోపురం వెలసింది.

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో మన కోనసీమ వలెనే కొండలు లేని సమతల భూమి ఉన్నది. ఊరికీ ఊరికీ నడుమ దూరం మాత్రం చాల ఎక్కువ. అక్కడ బ్లాంచర్డ్ సమీపంలో 1963లో కేవీఎల్‌వై టెలివిజన్ కేంద్రం కోసం 628 మీటర్లకు పైబడిన స్తంభాన్ని నిలిపారు. నలువైపులా లాగి కట్టిన ఉక్కు మోకులే దానికి ఆధారం. 1974లో పోలండులోని 646 మీటర్ల రేడియో స్తంభం దానిని మించింది. 1991 ఆగస్టు 8న మోకులు మార్చుతుండగా ఆ రేడియో స్తంభం కుప్పకూలింది. ప్రథమస్థానం మరల డకోటాకే దక్కింది. 2008లో దుబాయిలో నిర్మాణమవుతున్న బుర్జ్ ఖలీఫా దానినీ దాటిపోయింది. 2019లో పైనున్న పాత ఆంటెన్నాను తొలగించగా కేవీఎల్‌వై స్తంభం ఎత్తు సుమారు 605 మీటర్లకు తగ్గింది. ఎత్తుచేత వచ్చిన కీర్తి ఇంత అస్థిరమైనది.

మన దేశంలో 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరం పాటు, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుననున్న ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ప్రసారాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. మా డెల్టా పల్లెలో ఏరియల్‌ను వెదురు గడకు కట్టి, ఆ గడను కొబ్బరిచెట్టుకు బిగించిన రోజులు నాకు గుర్తున్నాయి. ఒకరు చెట్టెక్కి దానిని తిప్పుతూ "బొమ్మ వచ్చిందా?" అని కేకవేసేవారు, "ఇంకొంచెం తూర్పుకు!" అని లోపలినుండి జవాబు. 1987లో 'రామాయణ్' ధారావాహిక మొదలైనప్పుడు వీధివీధంతా ఆ ఒక్క పెట్టె ముందే కూర్చునేది. హిందీ రాని మా నాయనమ్మ కథకు అర్థం చెప్పేది.

నేడు ఇంటింటా డిష్, చేతచేత ఫోను. దూరదర్శన్ పాతపద్ధతి భూతల ప్రసారాలను 2022 నాటికి చాలవరకు నిలిపివేశారు. చూసేవారు తగ్గిన యంత్రానికి విద్యుత్తూ సిబ్బందీ దండుగ అన్న వాదంలో న్యాయం లేకపోలేదు. పాతదన్న మమకారంతో దేనినీ నిలపమని నేను కోరను.

అయితే 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమ మరువలేదు. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. అటువంటి గాలిలో డిష్ ముఖం తిరిగిపోతుంది, కరెంటు పోతుంది, సెల్ టవరు బ్యాటరీ కొన్ని గంటలకే నీరసిస్తుంది. నెలచందా కట్టనివాడికి మామూలు రోజుల్లోనే పెట్టె మూగబోతుంది. అప్పుడు ఒక దృఢమైన ఎత్తైన స్తంభం, దానికి సొంత విద్యుత్తు, వినేవాని చేతిలో బ్యాటరీతో నడిచే చిన్న సెట్టు ఉంటే చాలు. హెచ్చరిక అందరికీ ఒకేసారి, ఉచితంగా చేరుతుంది. కనుక తీరప్రాంతంలో రేడియోకో, కొత్తరకం డిజిటల్ ప్రసారానికో కొన్ని స్తంభాలను సర్వసన్నద్ధంగా కాపాడుకోవడం ప్రభుత్వ ధర్మం. ఆ ఖర్చును ఏటిగట్టు మరమ్మతు ఖర్చులాగా భావించాలి. వరద రాని ఏడు గట్టు దండుగని ఎవరూ దానిని తవ్వివేయరు కదా!

స్తంభం ఎన్ని మీటర్లని అడగడం సులభం. సముద్రపుటొడ్డున చిట్టచివరి ఇంటిలో దాని మాట వినబడుతున్నదా అని అడగడం నేర్చుకోవాలి. శివారు చేను తడిసినప్పుడే కాలువ పారినట్లు.