సముద్రం మీద విడిది

మేడ్చల్‌లో కూర్చుని, ఓడలో ఏ గది తీసుకోవాలా అని పది రోజులు నిద్ర పాడుచేసుకున్నానంటే పాఠకులు నవ్వుతారు. నవ్వితే నవ్వండి. మా ఊరికి పెద్ద రోడ్డు ఉంది, రైలుస్టేషను ఉంది, ఔటర్ రింగు రోడ్డు కూడా వచ్చింది. సముద్రం ఒక్కటే లేదు. నీళ్లు చూడాలని బుద్ధి పుడితే స్కూటరు తీసి షామీర్‌పేట చెరువు కట్టకు పోవలసిందే. షామీర్‌పేట మా అత్తవారి ఊరు గనుక, చెరువు చూసిన పుణ్యానికి ఒక పూట భోజనం కూడా కలిసివస్తుంది.

ఇది 2022 మే నెలనాటి సంగతి. జూన్‌లో మా పెళ్లయి ఇరవై ఏళ్లు నిండుతాయి. మా అమ్మాయి ఎక్కడో చదివి వచ్చి, జూన్ 8న విశాఖపట్నానికి ఒక ప్రయాణికుల ఓడ వస్తోందనీ, అక్కణ్ణించి పుదుచ్చేరి మీదుగా మద్రాసు పోతుందనీ, మూడు రాత్రుల ప్రయాణమనీ చెప్పింది. "మీరిద్దరూ వెళ్లండి నాన్నా, నేను అమ్మమ్మ దగ్గరుంటాను" అంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారని మనకు తెలిసేది ఇలాంటప్పుడే.

ఆ ఓడ పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్సు దేశంలో సేంట్ నజేర్ అనే రేవులో కట్టారట. అప్పుడు దాని పేరు నార్డిక్ ఎంప్రెస్. మూడు నాలుగు రాత్రుల చిన్న ప్రయాణాల కోసమే కట్టించి, అమెరికా వైపు దీవుల మధ్య తిప్పారు. చేతులు మారి, పేర్లు మారి, 2021 సెప్టెంబరులో కార్డేలియా అనే కంపెనీ పేరుతో బొంబాయినుంచి మన తీరాన తిరగడం మొదలుపెట్టింది. పొడవు 210 మీటర్లు. మా కాలేజీ వరండా చివర నిలబడి అటు చివర ఉన్న ప్రిన్సిపాలుగారిని చూస్తే ఆయన మొహంలో కోపం ఆనవాలు పట్టడం కష్టం. అలాంటి వరండాలు మూడు కలిపినా దీనికి చాలవు.

ఇంత ఓడలోనూ గదులు మాత్రం మనుషుల్లాగే రకరకాలు. ఓడ కడుపులో కిటికీ లేని లోపలి గది. పక్కన అద్దపు కిటికీలోంచి సముద్రం కనబడే గది. పైన సోఫాలూ బాల్కనీలూ ఉండే సూటు. సూటు అంటే కోటూ సూటూ అనుకునేరు. తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనుక దీనికి తెలుగు మాట ఏముందా అని వెతుక్కున్నాను. "విడిది" తట్టింది. పెళ్లికి తరలివచ్చిన మగపెళ్లివారికి ఇచ్చేది. మాట దొరికిందని మురిసిపోయాను గాని, అది నాకే ఎదురు తిరుగుతుందని అప్పుడు తెలియలేదు.

మా ఆవిడా నేనూ అనుకుని మొదట లోపలి గదికే డబ్బు కట్టాము. నాలుగు రోజుల తరువాత టిక్కెట్లు ఇప్పించిన ఏజెంటు టెలిఫోను చేశాడు. సూట్లు ఒకటి రెండు మిగిలాయనీ, ఇంకొంచెం వేసుకుంటే మనదేననీ అన్నాడు. ఆ "ఇంకొంచెం" నా నెల జీతంలో సగానికి పైమాట. సాయంత్రంలోగా చెప్పమన్నాడు. సాయంత్రంలోగా చెప్పవలసిన విషయాలు ఈ ప్రపంచంలో అంత ఎక్కువ లేవని తెలిసి కూడా, ఆ మాట వినగానే గుండె దడదడలాడుతుంది. వ్యాపారస్తులకు మన నాడి తెలుసు.

స్టాఫ్‌రూములో సలహా అడిగాను. ఎకనామిక్సు మిత్రుడు కాగితం తీశాడు. బయలుదేరిన రాత్రినుంచి మద్రాసులో దిగేదాకా సుమారు అరవై గంటలు. నిద్రకు ఇరవైనాలుగు పోయాయి. తిండికీ, నాటకశాలకూ, డెక్కు మీద షికార్లకూ, ఊరు చూడడానికీ ఇరవైఎనిమిది. మెలకువగా గదిలో ఉండేది ఎనిమిది గంటలు. అందులో స్నానాలూ, తాళంచెవి వెతుక్కోవడమూ తీసేస్తే అయిదు. ఆ అయిదు గంటలకు సగం జీతం! "గంటకు ఇంత ఎవరైనా నీకిస్తే, నువ్వు జన్మంతా ఛందస్సు చెబుతావు" అన్నాడు. తిండీ, తమాషా చాలావరకు అందరికీ ఒకటేననీ, సూటులోవారికి కొన్ని అదనపు మర్యాదలు తప్ప సముద్రం వేరే ఉండదనీ తేల్చాడు.

ఇంటికి వస్తే, మా పక్కింటి రిటైరయిన పెద్దమనిషి మరో దారి పట్టించాడు. "జిందగీల ఒక్కపారి పోతున్నరు సార్. కిటికీ లేని అర్రల పండుకోనీకి సముద్రం దాకా పోవుడెందుకు? మా ఇంట్ల స్టోరురూము లేదా?" అన్నాడు. ఈ తర్కానికి మిత్రుడి కాగితంలో జవాబు లేదు.

చదువుకున్నవాడికి సందేహం వస్తే పుస్తకాల్లో దూరుతాడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు మీదుగా మా ఈ వైపునుంచే నాగపూరు దారిన కాశీకి పోయారు. పల్లకీ, బోయీలు, వెంట పరిజనం. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. ఆ రోజుల్లో పల్లకీయే సూటు. అది ఎక్కినవారికి బాల్కనీ లేకపోయినా, మోసేవారి ఊపిరి మాత్రం వినబడేది. ఇక మా ఓడ తిరగబోయే బంగాళాఖాతం మీదనే, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూనుకు కూలికి పోయిన మనవాళ్లెందరో! వారికి లోపలి గదీ లేదు, బయటి గదీ లేదు. డెక్కు మీద చాప, తలకింద మూట. 1942లో బర్మా జపానువారి వశమయ్యేసరికి ఆ రాకపోకలు తెగిపోయి, ఎందరో అడవుల వెంట నడిచి వచ్చారు. ఇదంతా తలచుకుంటే సూటు గురించి మథనపడడమే సిగ్గనిపించింది. అనిపించిన పావుగంటకే ఏజెంటుకు ఫోను చేసి అడ్వాన్సు పంపించాను.

ఎందుకని అడుగుతారు. ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు అచ్చులో చెప్పుకోవలసి వస్తోంది.

2002 జూన్‌లో పెళ్లయిన వారానికి మేమిద్దరం విశాఖపట్నమే వెళ్లాము. రాత్రి బండి. ఏసీ పెట్టెలో వెళ్లడానికి చాలినంత డబ్బు మా మామగారు ఇచ్చారు. నేను స్లీపరు పెట్టెలో, చివరన, దారి పక్క బెర్తులు రెండు తీసుకున్నాను. మిగిలిన డబ్బుతో విశాఖలో పుస్తకాలు కొనవచ్చునని నా ఎత్తు. ఆ రాత్రి ఉక్క. కిటికీలోంచి పొయ్యి మీది గాలి. నేను పై బెర్తెక్కి హాయిగా నిద్రపోయాను. తెల్లవారి దిగి చూస్తే, ఆమె కింద మోకాళ్లు దగ్గరకు పెట్టుకుని కూర్చునే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా కడుపులో తిప్పి నాలుగుసార్లు లేచిందట. ఆ మాట కూడా ఎదుటి బెర్తు ముసలమ్మ చెబితే తెలిసింది. ఆమె ఏమీ అనలేదు. విశాఖలో నేను పుస్తకాలు కొన్నాను. తిరుగుప్రయాణంలో ఆ కట్ట ఆమె ఒళ్లోనే ఉంది.

ఈ ఇరవై ఏళ్లలో ఆమె ఆ ప్రయాణం ఊసెత్తలేదు. ఎత్తితే ఒకనాడు దెబ్బలాడుకుని మరిచిపోయేవాళ్లం. ఎత్తలేదు గనుకనే అది నాతో ఉండిపోయింది. ఆ పుస్తకాలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి. దుమ్ము దులిపేది ఆమే. సూటుకు డబ్బు కడితే, ఆ రాత్రి బాకీ వడ్డీతో తీరిపోతుందనుకున్నాను. ఓడెక్కేదాకా చెప్పకుండా ఉంచి, తలుపు తీసి బాల్కనీ చూపించి, ఆమె మొహం చూడాలని నా ఉబలాటం.

ఆదివారం షామీర్‌పేట వెళ్లాము. భోజనాలయ్యాక ఇద్దరమే చెరువు కట్ట మీదికి నడిచాము. వేసవి గదా, నీళ్లు వెనక్కి పోయి ఒడ్డున బురద పగుళ్లిచ్చింది. నా సెల్‌ఫోను మోగింది. తీసేలోపల ఆమె చూసింది. ఏజెంటు. మిగతా సొమ్ము ఎప్పుడు కడతారని.

"ఏం సొమ్ము?" అంది.

చెప్పాను. బాల్కనీ, సోఫా, అన్నీ వర్ణించాను. వర్ణనల్లో మనకు లోటేముంది? ఆమె మొహంలో నేననుకున్న వెలుగేమీ రాలేదు.

"నన్నడిగిన్రా?" అంది.

"నీకోసమే గదా" అన్నాను.

"నాకోసమైతే నన్నడగాలె గదా!"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. కరీంనగరు రోడ్డు మీద లారీలు పోతున్నాయి. తరువాత, ఎన్నడూ ఎత్తని మాట ఆమే ఎత్తింది. "వైజాగు పోయినప్పుడు గూడ గిట్లనే. నాకు కోపమొచ్చింది స్లీపరు పెట్టెని చూసి కాదు. బెర్తు తీసుకునేటప్పుడు అడగకపోతిరి, పుస్తకాలు కొనేటప్పుడు అడగకపోతిరి. అప్పుడు తక్కువల తీసుకపోయిన్రు, ఇప్పుడు ఎక్కువల తీసుకపోతమంటున్నరు. రెండుసార్లూ లెక్క మీదే."

నేను తెలివి చూపించబోయి, "సూటు అంటే విడిది, తెలుసా? ఇన్నాళ్లకు నీకు విడిది ఇద్దామని..." అన్నాను.

"విడిది ఎప్పుడూ మగపెళ్లోళ్లకే. మన పెండ్లిల మీ విడిదికి నాలుగు ఫ్యాన్లు మా నాయన కిరాయికి తెచ్చిండు. పెండ్లిపిల్లకు చాటంత ఇసనకర్ర." ఇలా అని ఆమె నవ్వేసింది. నాకు మాత్రం నవ్వడానికి కొంత వ్యవధి పట్టింది. ఫ్యాన్ల సంగతి నాకు ఆనాటిదాకా తెలియదు.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. పది రోజుల్లో నాకూ, ఎకనామిక్సు మిత్రుడికీ, పక్కింటి పెద్దమనిషికీ తట్టని ప్రశ్న. "నాకు బస్సెక్కితేనే కడుపుల తిప్పుతది. ఓడల ఏ అర్ర తక్కువ ఊగుతది?"

ఫోనులోనే వెతికాము. ఓడ అలల మీద ముందుకూ వెనక్కూ లేచి పడేటప్పుడు పిల్లలాడుకునే ఊగుడుబల్లలాగ కొనలు ఎక్కువ కదులుతాయి, నడుము తక్కువ కదులుతుంది. పక్కలకు ఒరిగేటప్పుడు పై అంతస్తులు ఎక్కువ దూరం ఊగుతాయి. సూట్లు సాధారణంగా పైనే ఉంటాయి. నేను ఇంకా చదువుతూనే ఉన్నాను, ఆమె, "తాటిచెట్టే గదా. మొదలు కదులుతదా? తలకాయ ఊగుతది. గీత గీసెటోళ్లను అడిగినా చెప్తరు" అంది. పైగా జూన్ రెండో వారమంటే నైరుతి గాలులు వచ్చే వేళ. బాల్కనీ మాట దేవుడెరుగు, కుర్చీలో కూర్చోగలిగితే అదే పదివేలు.

కిటికీ లేని గది కూడా ఆమెకు వద్దు. కళ్లకు ఆనడానికి దూరంగా ఒక గీత ఉంటే వికారం తగ్గుతుందని ఆమె బస్సు ప్రయాణాల్లో నేర్చుకున్నదే. అందుకే ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని దూరంగా చూస్తుంది. పరధ్యానమనుకునేవాణ్ణి నేను. కనుక కింది అంతస్తు, ఓడ నడుము, సముద్రం కనబడే కిటికీ. ఇంత ఖచ్చితంగా అడిగేసరికి ఏజెంటు కొంత నీరుగారాడు. ఉన్న గదికీ దీనికీ తేడా కొద్దిగానే కట్టవలసి వచ్చింది. సూటు అడ్వాన్సులో మాత్రం ఏవో ఖర్చులని చెప్పి కొంత కోసుకుని తిరిగి ఇచ్చాడు. ఆ కోత నా ఖాతాలో రాసుకున్నాను. మిగిలింది ఆమె చేతికిచ్చి, ఏం చేశావని అడగలేదు. అడగవలసిన చోట్లూ, అడగకూడని చోట్లూ వేరు వేరని అప్పుడప్పుడే తెలుస్తోంది.

జూన్ 8 రాత్రి విశాఖలో ఓడెక్కాము. ఇప్పుడున్న క్రూయిజ్ టెర్మినలు భవనం అప్పటికి తెరవలేదు, అది 2023 నాటి మాట. గది చిన్నది. రెండు మంచాలు, మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. కిటికీ మాత్రం ఆమె మంచం వైపు. దీపాలు వెనకపడ్డాక అందులో చీకటి తప్ప ఏమీ లేదు, అయినా ఆమె చాలాసేపు చూసి పడుకుంది.

రెండో రాత్రి ఓడ కొద్దిగా ఊగింది. కొద్దిగానే. ఆమె గాఢనిద్రలో ఉంది. నాకే కడుపులో తిప్పసాగింది. రాత్రంతా మోకాళ్లు దగ్గరకు పెట్టుకుని, ఆమె కాళ్ల దగ్గర కిటికీ పక్కన కూర్చున్నాను. ఎక్కడో దూరాన ఒక్క దీపం, చేపల పడవదో ఏమో, లేస్తూ పడుతూ కనిపించింది. కళ్లు దానికే ఆన్చి ఉంచాను.

తెల్లవారుజామున ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది.

"తిప్పుతున్నదా?" అంది.

తిప్పుతోందన్నాను. నిమ్మకాయ ఆమె చేతిసంచిలోనే ఉంది.